పిడికెడు బియ్యము: దాత ఎవరు, ప్రతిగ్రహీత ఎవరు?

ఆషాఢ పూర్ణిమ నాడు వ్యాసపూజ చేసి యతులు చాతుర్మాస్య దీక్ష స్వీకరిస్తారు. వర్షర్తువులో భూమి అంతటా సూక్ష్మప్రాణులు పుట్టుకొస్తాయి. నడిచేవాని పాదము క్రింద అవి ఎన్ని నలిగిపోతాయో లెక్క ఉండదు. కనుక తక్కిన కాలమంతా సంచరించే పరివ్రాజకుడు కూడ ఈ ఋతువులో ఒకచోట నిలిచి ఉండాలని పెద్దలు నియమించినారు. అటువంటి కాలములో, శ్రావణ మాసపు జడివానలో, పదిహేడుగురు గృహస్థులము భుజాన జోలెలు వేసుకొని ధవళేశ్వరము నుండి అంతర్వేది వరకు ఆరు దినముల పాదయాత్రకు బయలుదేరడము ధర్మమేనా?

యాత్రలో మూడవనాటి ఉదయము, కొత్తపేటలో, ఈ ప్రశ్న వేసినవారు మాలో అందరికంటె పెద్దవారైన మాస్టారు. ఆయన విశ్రాంత సంస్కృతోపాధ్యాయులు. ప్రశ్న తామే వేసి, సమాధానము కూడ తామే చెప్పడము ఆయనకు పాఠశాలనాటి అలవాటు. "యతికి ఇల్లు లేదు గనుక ఒకచోట నిలవమన్నారు నాయనా. మనకు ఇల్లున్నది. వానకాలములో మన ఇంట మనము కూర్చోవడము తపస్సు కాదు, సౌఖ్యము. కాబట్టి నడవవచ్చును. అయితే ఆ నియమము వెనుక ఉన్న దయ ఒక్క యతులకే చెప్పినది కాదు. చూచి అడుగు వేయండి" అన్నారు.

మా యాత్ర ఉద్దేశము చెప్పవలసి ఉన్నది. గోదావరి వరద అప్పుడప్పుడే తీస్తున్నది. ధవళేశ్వరము బ్యారేజీ వద్ద ప్రవాహము 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇస్తారు. ఈ అంకెలు పట్టణవాసులకు వార్తలు మాత్రమే. ఏటిగట్టుకు లోపల, నదీగర్భములో ఉన్న లంకగ్రామములవారికి అవి జీవితము. మొదటి హెచ్చరికకే పల్లపు లంకల దారులు మునుగుతాయి. ఆపైన పడవే దిక్కు. ఆ లంకలవారికి కొన్ని దినముల పాటు వండిన అన్నము అందించాలన్నది మా సంకల్పము. ధనము వసూలు చేసి బియ్యము కొనడము సులభము. అయినా మాస్టారు నాలుగు నియమములు పెట్టినారు. ఇంటికి ఒక్క పిడికెడు బియ్యము మాత్రమే తీసుకోవాలి. ధనము ముట్టరాదు. ఇచ్చినవారి పేర్లు వ్రాయరాదు. దారిలో ఉన్న ఏ ఇంటినీ విడిచిపెట్టి వెళ్ళరాదు.

మొదటి మూడు నియమములు పాటించడము మాకు కష్టము కాలేదు. ఆనాడు మమ్ములను పరీక్షించినది నాలుగవ నియమము.

కొత్తపేట నుండి లంకల గన్నవరమునకు సుమారు పదిహేను కిలోమీటర్ల నడక. పొడి కాలములో అది ఒక పూట పని. వానలో దినమంతా పట్టింది. కాలువగట్టున కొబ్బరి చెట్ల క్రింద నడుస్తున్నప్పుడు వాన రెండుసార్లు కురుస్తుంది. ఒకసారి ఆకాశము నుండి, అది వెలిసిన తరువాత మరల మట్టల నుండి. గొడుగులు గాలికి తిరగబడినవి. చెప్పులు రేగడిలో దిగబడి ఊడివస్తుంటే కొందరు వాటిని చేతబట్టుకొన్నారు. మాస్టారు చెప్పిన మాట వలన అందరి దృష్టి నేలమీదనే ఉన్నది. ఆ దృష్టికి కనబడిన లోకము వేరు. తారురోడ్డు మీద అడ్డముగా ప్రాకుతున్న ఎర్రలు, గుల్లతో సహా మెల్లగా కదిలే నత్తలు, మా అలికిడికి చేతులెత్తి నిలబడే ఎండ్రకాయలు. మాతో వచ్చిన ఒక కళాశాల విద్యార్థి ఉదయము ఫోనులో అడుగులు లెక్కపెట్టుకుంటూ ముందు నడిచినవాడు, పది గంటల వేళకు లెక్క మాని, ఎర్రలను కొబ్బరి ఈనెతో ఎత్తి గడ్డిలో వేస్తూ అందరి వెనుక వస్తున్నాడు. అహింస ఇంత మందగమనము కోరుతుందని పుస్తకములో చదివినప్పుడు నాకు తోచలేదు.

మధ్యాహ్నమునకు ముందు ఒక రైతు తన చేని గట్టున నిలబడి కనిపించినాడు. ఊడ్చి రెండు వారములైన వరి. ఆకుల కొనలు మాత్రము నీటి పైన తేలుతున్నవి. అది ఏటి వరద కాదు, మురుగు కాలువ పూడిపోయి వెనుకకు తన్నిన వాననీరు. కోనసీమ పల్లపు చేలకు ఇది ఏటేటా తప్పని బాధ. మేము జోలె చాచకముందే ఆయన అడిగినాడు: "అన్నదానమని తిరుగుతున్నారు, బాగానే ఉందండి. మరి అన్నం పండించేవోడి సంగతేంటండి? ఆడికెవరు దానం చేస్తారండి?"

ఆ ప్రశ్నలో అవమానించే ఉద్దేశము లేదు. 2011లో ఇదే కోనసీమ రైతులు పెట్టుబడి తిరిగిరాదని, ముంపు తప్పదని, ఖరీఫులో పంట విరామము ప్రకటించినారు. అన్నపూర్ణ అని పేరు పొందిన నేలలో రైతు నాగలి దించివేయడము దేశమంతటా చర్చకు వచ్చింది. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నమును నిందింపరాదని, దానిని విస్తారముగా ఉత్పత్తి చేయడమే వ్రతమని, ఆశ్రయము కోరి వచ్చినవానిని త్రిప్పి పంపరాదని వరుసగా చెబుతుంది. మనము మూడవదానిని అన్నదానమని కీర్తిస్తాము. రెండవదానిని వ్యవసాయ శాఖకు వదిలివేస్తాము. కాని ఉపనిషత్తు ఆ రెండింటిని ఒకే శ్వాసలో చెప్పింది. పండించేవాడు ఆ వ్రతములో మొదటి దీక్షితుడు. వడ్డించేవాడు అతని తరువాతివాడు.

మాస్టారు ఆ రైతుకు ఉపనిషత్తు చెప్పలేదు. "నిజమేనయ్యా. నీ ప్రశ్నకు మా దగ్గర సమాధానము లేదు" అన్నారు. రైతు కొంతసేపు మౌనముగా ఉండి, ఇంటికి తీసుకువెళ్ళి, పాతబియ్యము పిడికెడు తీసి జోలెలో పోసినాడు. పిడికిలి విప్పేటప్పుడు వ్రేళ్ళకు అంటిన నాలుగు గింజలను కూడ దులిపి వేసినాడు.

పాఠకులలో విజ్ఞులకు దానవిచారము కొత్త కాదు. గీత సాత్త్విక, రాజస, తామస దానములను విభజించింది. దేశము, కాలము, పాత్రము చూడుమన్నది. తైత్తిరీయము శిక్షావల్లిలో విద్య ముగించిన శిష్యునికి ఆచార్యుడు ఇచ్చే ఉపదేశములో, శ్రద్ధతో పాటు లజ్జ కూడ దానమునకు అంగముగా చెప్పబడింది. ఇచ్చేవానికి లజ్జ ఎందుకు? చిన్ననాడు ఇది నాకు అర్థము కాలేదు. ఇచ్చేవాడు తల ఎత్తుకోవాలి గాని దించుకోవడమేమి? ఆచార్య శంకరులు గీతాభాష్యములో దానమునకు సంవిభాగమని అర్థము చెప్పినారు. ఆ అర్థము పట్టుకొంటే చిక్కు విడిపోతుంది. దానము అంటే నా సొత్తు నీకు ఇవ్వడము కాదు. ఉన్నదానిని సరిగా పంచుకోవడము. పంచవలసిన భాగము ఇంతకాలము నా దగ్గరే ఉండిపోయినదే అన్న సిగ్గు ఇచ్చేవానికి సహజముగా కలగాలి.

ఈ సంవిభాగమనే మాటను పట్టుకొని మన తెలుగునేల మీద ఒక మహాయాత్ర ఆరంభమైనది. 1951 ఏప్రిల్ 18న, నాటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో, ఆచార్య వినోబా భావే ఎదుట హరిజన కుటుంబములవారు తమకు 80 ఎకరముల భూమి కావాలని అడిగినారు. ఆ సభలోనే ఉన్న వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు ఇస్తానని లేచి నిలబడినారు. అక్కడ పుట్టిన భూదానోద్యమము వినోబాను పదమూడేళ్ళకు పైగా దేశమంతటా నడిపించింది. భూస్వామిని తన భూమిలో ఆరవ వంతు ఇమ్మని, తనను ఇంటిలో మరొక కుమారునిగా లెక్కపెట్టుకొమ్మని ఆయన అడిగేవారు. కొడుకు అడిగేది భిక్ష కాదు, భాగము. వామనుడు అడిగినది కూడ భూమినే, కొలిచినది పాదముతోనే.

అయితే చరిత్రను సగము చెప్పి ఆపరాదు. భూదానములో వ్రాసి ఇచ్చిన నేలలలో చాల భాగము రాళ్ళు, చవుడు. కొన్నింటి మీద తగాదాలు. కొన్ని కాగితము మీదనే మిగిలి ఎవరి చేతికీ చేరలేదు. దానము చేయబడింది, సంవిభాగము జరగలేదు. పనికిరానిదానిని ఇచ్చి దాత అనిపించుకొన్నవానికి ఉపనిషత్తు చెప్పిన లజ్జ లేకపోవడమే ఆ లోపము. యాత్రికుడు ఎంత దూరమైనా నడవగలడు గాని, ఇచ్చేవాని మనస్సులోనికి నడవలేడు.

సాయంకాలము నాలుగు గంటలకు మేము గన్నవరము దగ్గరి ఏటిగట్టు ఎక్కినాము. గట్టునకు ఒకప్రక్క ఊళ్ళు, మరొక ప్రక్క ఎర్రని నీరు. లంకల నుండి వచ్చిన కొన్ని కుటుంబములు గట్టు మీదనే బరకములు కప్పుకొని కాపురము పెట్టినవి. రెండు మేకలు, ఒక మంచము, తాళ్ళతో కట్టిన సామాను, ఇటుకల పొయ్యి. ఆ రాత్రి మేము వండించే అన్నము మొదట చేరవలసినది వీరికే.

ఇక్కడ మా నడక దానంతట అదే మందగించింది. వీరి దగ్గర జోలె చాచడమేమి? మాలో ఒకరు మెల్లగా, "ఈ నాలుగు పాకలు దాటిపోదాము. నియమము ఇళ్ళను గూర్చి గదా, ఇవి ఇళ్ళు కావు" అన్నారు. ఆ తర్కము చాలమందికి నచ్చింది. దయ కూడ ఆ ప్రక్కనే ఉన్నట్లు తోచింది. అందరము తల వంచుకొని రెండు పాకలు దాటినాము.

మూడవ పాకలో నుండి ఒక స్త్రీ బయటికి వచ్చింది. ఏబదేళ్ళుండవచ్చును. "బాబూ, ఆగండి. బియ్యం అడుగుతా వత్తన్నారంటగా" అని, చౌక దుకాణపు బియ్యము ఉన్న సంచిలో చేయి పెట్టింది. ముందున్న విద్యార్థి ఆదుర్దాగా, "వద్దమ్మా, మేము మీకు ఇవ్వడానికే వచ్చాము" అన్నాడు.

ఆమె చేయి సంచిలోనే ఆగింది. "ఆయ్, ఇత్తే తీసుకుంటానండి. ఆకలేత్తే తినమా? మరి నేనిత్తే మీరెందుకు తీసుకోరండి? అందరింటికాడా ఆగి, మాకాడ ఆగకుండా ఎల్లిపోతే, మేం ఇల్లు లేనోళ్ళమనే కదండీ?"

ఎవరమూ మాట్లాడలేదు. వాన చప్పుడు బరకము మీద గట్టిగా వినబడుతున్నది. మాస్టారు వెనుక నుండి వచ్చి, గొడుగు ప్రక్కన పెట్టి, జోలె అంచులు రెండు చేతులతో పట్టుకొని, ఆమె ముందు తల వంచి నిలబడినారు. ఆమె పిడికెడు పోసింది. తరువాత మేము వెనుకకు వెళ్ళి, దాటివచ్చిన రెండు పాకల ముందు కూడ నిలబడినాము. ఒకరు పిడికెడు ఇచ్చినారు. మరొకరు, "మాకే లేవండి" అన్నారు. మాస్టారు వారికి కూడ అంతే వినయముతో నమస్కరించినారు.

ఆ తరువాత గట్టు మీద నడుస్తూ ఆయన నాతో మహాభారతములోని ముంగిస కథ గుర్తున్నదా అని అడిగినారు. ధర్మరాజు అశ్వమేధము ముగిసిన వేళ సగము శరీరము బంగారమైన ముంగిస వచ్చి, ఈ మహాయజ్ఞము కురుక్షేత్రములో ఉంఛవృత్తితో బ్రతికిన పేద బ్రాహ్మణుని గుప్పెడు పేలపిండికి సాటిరాదని చెప్పిన కథ అది. గుర్తున్నదని చెప్పినాను. "అందరము యజ్ఞము ఓడిపోయినదన్న మాటనే చెప్పుకొంటాము. దానికి ముందు ఒక ఘట్టమున్నది. అతిథికి తన భాగము, భార్య భాగము, కొడుకు భాగము ఇచ్చిన తరువాత కూడ ఆకలి తీరలేదు. అప్పుడు కోడలు తన భాగము తెచ్చింది. ఎండకు, గాలికి వాడి, ఆకలితో కృశించి ఉన్న ఆమెను చూచి మామగారు వద్దన్నాడు. నీ దగ్గర ఎట్లా తీసుకొనేదమ్మా అన్నాడు. ఆమె వాదించింది. నా దేహము, నా ధర్మము కూడ ఈ ఇంటివే కదా అన్న భావముతో అడిగింది. చివరకు ఆయన తీసుకొన్నాడు. నాయనా, ఆ కథలో కష్టమైన దానము ఎవరిదో నాకు తెలియదు గాని, కష్టమైన ప్రతిగ్రహము మాత్రము ఆ మామగారిదే."

దేశకాలపాత్రములలో పాత్రమంటే పుచ్చుకొనేవాని యోగ్యత అని వ్యాఖ్యానిస్తాము. పేదవాడు పాత్రుడా, వ్యసనపరుడు పాత్రుడా అని చర్చిస్తాము. పేదవాని చేతి నుండి పుచ్చుకొనే యోగ్యత మనకున్నదా అని ఎన్నడు చర్చించినాము? ఎప్పుడూ ఇచ్చేవాడిగానే ఉండాలనుకోవడములో ఒక అహంకారము దాగి ఉన్నది. ఎదుటివానికి ఆకలిని మాత్రమే మిగిల్చి, ధర్మాచరణమంతా మనమే తీసుకొంటాము. ఇల్లు మునిగినా మునగనిది ఆమెకు ఒక్కటే ఉన్నది, తాను గృహిణినన్న భావము. ఆ పిడికెడు బియ్యము మేము నిరాకరిస్తే గోదావరి వదిలినదానిని కూడ మేము తీసుకుపోయినవారము అవుతాము.

చీకటి పడే వేళకు గన్నవరము చేరినాము. అక్కడ వైనతేయ మీద అక్విడక్టు ఉన్నది. ఆనకట్ట కట్టిన కాలములో, 19వ శతాబ్ది నడుమ నిర్మించిన పాతది ఒకటి. దాని సరసనే 2000లో వచ్చిన కొత్తది మరొకటి. పైన కాలువ, క్రింద నది. పైన వెళ్ళేది ఆవలి పొలములకు పోయే గోదావరి నీరే, క్రింద వెళ్ళేది సముద్రమునకు పోయే గోదావరి నీరే. కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. పేరు పెట్టదగిన చోటే అది. 1841లో మండపేటలో పుట్టి, ఈ గన్నవరపు డొక్కా జోగన్నగారి ఇల్లాలై, 1909లో పరమపదించే వరకు ఆమె ఏటి ఒడ్డున బాటసారులకు వేళ చూడక, కులము అడుగక అన్నము పెట్టినారు. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవమునకు పిలుపు వచ్చినా ఆమె వెళ్ళలేదని ప్రసిద్ధి.

ఆమెను గూర్చి ఈ ప్రాంతములో చెప్పుకొనే ఒక కథ పాదయాత్రికులు తప్పక వినవలసినది. జీవితకాలమంతా ఇల్లు కదలని ఆమె ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు పల్లకిలో బయలుదేరినారట. దారిలో విశ్రమించినచోట, ఆకలితో ఉన్న పిల్లలను ఎవరో ఓదార్చడము వినబడిందట: కాసేపు ఓర్చుకోండి, గన్నవరము వెళ్ళితే సీతమ్మగారు అన్నము పెడతారు అని. ఆమె పల్లకిని వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందు ఇల్లు చేరి, పొయ్యి వెలిగించినారట. మా యాత్ర అంతర్వేది వైపు. ఆమె యాత్ర అంతర్వేది నుండి వెనుకకు. వినోబా నడిచి సాధించదలచినది ఆమె నిలిచి సాధించినారు. నడవడములో గాని నిలవడములో గాని పుణ్యమేమీ లేదు. ఎవరి ఆకలి పిలిచినది, ఆ పిలుపునకు పాదము ఏ దిక్కునకు కదిలినది అన్నదే ప్రశ్న.

ఆ రాత్రి జోలెలన్నీ ఒకే గోనెపట్టా మీద కుమ్మరించినాము. స్వర్ణ, సోనా మసూరి, పాతవి, కొత్తవి, దొడ్డువి, చౌక దుకాణపువి, అన్నీ కలిసిపోయినవి. రైతు ఇచ్చినది ఏదో, గట్టుమీది ఆమె ఇచ్చినది ఏదో వేరుచేయడము ఎవరి తరమూ కాదు. మాకు ఇది వేదాంతముగా తోచింది గాని, వంట చేసే ఆయనకు చిక్కుగా తోచింది. "ఇన్ని రకాలు కలిపేస్తే ఒక్కలా ఉడకవండి. కొన్ని పలుకు, కొన్ని మెత్తనా అవుతాయి" అన్నాడు. చివరకు ఆయనే ఉపాయము చెప్పినాడు. బియ్యము ఒక గంట నానవేసి, పెసరపప్పు కలిపి పులగము వండినాడు.

గుండిగలు ట్రాలీ ఆటోలో ఎక్కించి గట్టు మీదికి తీసుకువెళ్ళినాము. వాన సన్నగిల్లింది. లాంతరు వెలుగులో బంతి సాగింది. మూడవ పాక ఆమె విస్తరి ముందు కూర్చొని, ముద్ద నోట పెట్టుకొని, కాస్త ఆలోచించి, "ఉప్పు చాల్లేదండి" అన్నది. విద్యార్థి పరుగున వెళ్ళి ఉప్పు తెచ్చినాడు. ఆమె తన విస్తరిలో వేసుకొని, ఆ గిన్నె ప్రక్క విస్తరికి అందించి, "అందరికీ ఎయ్యండి" అని ఇంటి యజమానురాలి వలె చెప్పింది.

స్వస్తి.